దూలంలో అదురు

కొసస్తలై ఏరు పొంగి నేలవంతెన కొట్టుకుపోయిన ఏడు మా మనవరాలు మోక్షిత పుట్టింది. నీళ్ళు తియ్యకముందే, ముసురులోనే పుట్టింది. ఇప్పుడు చెప్పేది ఆ వరద తర్వాత వచ్చిన ఆడి నెల, అంటే ఆషాఢం నాటి సంగతి. బిడ్డకు తొమ్మిదో నెల.

ఆ నెలలోనే ఒకరోజు అంగన్‌వాడీ దగ్గర మొదలైంది ఇదంతా. టీకా వేసే రోజు. నర్సు కన్నియమ్మ బిడ్డ వెనక్కి పోయి గట్టిగా చప్పట్లు కొట్టింది. చుట్టూ ఉన్న పిల్లలు ఉలిక్కిపడ్డారు. ఒకడు ఏడుపు అందుకున్నాడు. మోక్షిత మాత్రం మందు పెట్టె మీది ఎర్ర మూతను చూస్తూ కూర్చుంది. కన్నియమ్మ మళ్ళీ కొట్టింది. బిడ్డ తల తిప్పలేదు. అప్పుడామె మా కోడలు భవ్యశ్రీ మొహంలోకి చూసి, "బయపడొద్దమ్మా. వచ్చే శుక్రవారం ఒక్క పూట తిరువళ్ళూరు ఆస్పత్రికి డాక్టరమ్మ వస్తారు, చెవికి మిషన్ పెట్టి చూస్తారు. తప్పకుండా తీసకపో. అంతవరకు చెవులు కుట్టించొద్దు. పుండుగా ఉంటే మిషన్ పెట్టరు," అని చెప్పింది.

ఆ శుక్రవారమే తిరుత్తణి కొండ మీద బిడ్డకు వెంట్రుకలు తీయించి చెవులు కుట్టించాలి. నా భార్య చంద్రావతి మొక్కు అది. ఆడి కృత్తికకు కావళ్ళు మోసుకొచ్చే జనం తగ్గాక అని ముందే పెట్టుకున్నాం. భవ్యశ్రీ అన్న శరత్‌కుమార్ మేనమామ కాబట్టి బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి. పెరియపాళయం నుంచి నేరుగా కొండకు వస్తానన్నాడు. కమ్మలు తెచ్చేశాం. చుట్టాలకు చెప్పేశాం.

శుక్రవారం ఒక్కటే. తిరుత్తణి దాకా బస్సూ ఒక్కటే. అక్కడ దిగి కొండ ఎక్కాలా, రైలెక్కి తిరువళ్ళూరు పోవాలా అన్నదే ఇంట్లో రగులుతున్న మాట.

మాది ఆర్.కె.పేటలో మగ్గాల వీధి. ఇంట్లో నాలుగు కరెంటు మగ్గాలున్నాయి. పొద్దున స్విచ్ వేస్తే ఇక మాటకు చోటు లేదు. చెయ్యే మాట. బొటనవేలు నోటి దగ్గర పెడితే టీ. రెండు వేళ్ళు మెలేస్తే పోగు తెగిందని. అరచెయ్యి కిందికి నొక్కితే మగ్గం ఆపమని. ఈ వీధి పిల్లలకు ఇవన్నీ చంకలో ఉన్నప్పుడే వచ్చేస్తాయి. మోక్షితకు మరీ తొందరగా వచ్చాయి. పాలు కావాలంటే పిడికిలి మూసి తెరిచేది. ఎత్తుకోమంటే తన భుజం తనే తట్టుకునేది. చంద్రావతి ఇంటికి వచ్చినవాళ్ళందరికీ అవి చేయించి చూపించి దిష్టి తీసేది.

ఎదురింటి లోకనాథం అయితే ఒకరోజు, "ఏమన్నా, మనవరాలు నిన్ను మించిపోయినట్టుండాదే! నువ్వన్నా దీపావళికి ఒక మాట మాట్లాడతావు," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బిడ్డ నోరు విప్పకపోతే తాత పోలిక అనుకున్నాం. పిలిస్తే తిరగకపోతే, ఈ రొదలో ఎవరికి మాత్రం వినపడుతుంది అనుకున్నాం. మగ్గాల పక్కన పుట్టినవాళ్ళం గనుక ఆ పొరపాటు చేశాం. రొద లేని ఇంట్లో అయితే మూడో నెలలోనే కనిపెట్టి ఉండేవాళ్ళేమో.

చంద్రావతి చేతిలో ఇంకొక రుజువు కూడా ఉండేది. మగ్గాలు ఆడుతున్నంతసేపు బిడ్డ చీర ఉయ్యాలలో ఒళ్ళు మరిచి నిద్రపోయేది. కరెంటు పోయి మగ్గాలు నిలిచిపోయాయా, చటుక్కున లేచి ఏడ్చేది. "రొద నిలిచింది తెలిసే కదా లేస్తాది? ఇంకేమి మిషన్ కావాల?" అనేది చంద్రావతి. 

భవ్యశ్రీ సంగతి చెప్పాలి. ఆ పిల్ల పెండ్లై వచ్చినప్పుడు నవ్వితే వీధి చివరికి వినపడేది. బిడ్డ పుట్టాక ఆ నవ్వు తగ్గింది. వానల్లో గుడ్డలు ఆరేవి కావు. కుంపటి మీద గంప బోర్లించి దాని మీద ఒక్కొక్క గుడ్డ ఆరబెట్టేది. రాగి గంజి కాచి చల్లారేలోపల బిడ్డ నిద్రపోయేది. బిడ్డ లేచేలోపల గంజి గడ్డకట్టేది. మళ్ళీ కాచేది. తన అన్నం మాత్రం ఎప్పుడూ చల్లదే. ఆ కాస్త సందులో కండెలు చుట్టేది. చుడుతూ చుడుతూ కూర్చున్న చోటే కన్ను మూతపడేది. దారం అయిపోయినా రాట్నం తిరుగుతూ ఉండేది.

మా కొడుకు మణికంఠ కంపెనీలో రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకునేవాడు. బిడ్డ గురించి భవ్యశ్రీ ఏమి చెప్పబోయినా, "అమ్మ చెప్పినట్టు చెయ్ లే," అని అటు తిరిగి పడుకునేవాడు. వాడు చెడ్డవాడు కాడు. వాడికీ నిద్ర చాలేది కాదు.

గురువారం పొద్దెక్కాక చంద్రావతి కొండకు సామాను సర్దడం మొదలుపెట్టింది. పసుపు, చందనం, టెంకాయలు, బిడ్డకు పసుపు పచ్చ గౌను. నేను మగ్గాల మధ్య ఉన్నాను. పక్క గదిలో దూలానికి వేలాడుతున్న ఉయ్యాలలో బిడ్డ నిద్రపోతోంది. భవ్యశ్రీ వచ్చి మగ్గం చివర నా ఎదురుగా నిలబడింది. అరచెయ్యి కిందికి నొక్కింది.

ఆపమని.

పోగు తెగితే తప్ప ఈ ఇంట్లో నన్ను మగ్గం ఆపమని చెయ్యి చూపించినవాళ్ళు ఎవరూ లేరు. పోగు తెగిందేమో అనుకుని మొదటి మగ్గం ఆపాను. ఆమె చెయ్యి దించలేదు. నాలుగూ ఆపాను.

ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఉయ్యాల కదిలింది. బిడ్డ కేరుమంది.

చంద్రావతి చేతిలో టెంకాయతోనే గదిలోకి వచ్చింది. "చూసినావామ్మే? మగ్గం నిలిచింది, బిడ్డ లేచింది. చెవి లేని బిడ్డకు మగ్గం నిలిచింది ఎట్ల తెలిసిందంటా? దీనికేమి చెప్తావు?"

"నేనూ శానా దినాలు అదే చెప్పుకున్నాను అత్తా. మనసు ఒప్పుకునే దానికి," అన్నది భవ్యశ్రీ.

ఉయ్యాల దగ్గరికి పోయింది. జోకొట్టలేదు. ఊపలేదు. లాలి పాడలేదు. చెయ్యి పైకి చాచి, దూలానికీ చీరకూ నడుమ ఉన్న తాడును గుప్పిట్లో పట్టుకుంది. పట్టుకుని సన్నగా అదిరించింది. చలికి వణికే చెయ్యి మాదిరిగా, ఆగకుండా. బిడ్డ ఏడుపు కొంచెం తగ్గింది. వెక్కిళ్ళయింది. చీరలోంచి బయటికి వచ్చిన చిన్న కాలు మెల్లగా వాలిపోయింది.

అందరం నిలబడి చూశాం. ఇంట్లో ఎక్కడా చప్పుడు లేదు. బిడ్డ నిద్రపోయింది.

"కరెంటు పోయినప్పుడంతా నేను ఈడనే నిలబడుకోని ఉంటి కదా మామా. ఎందుకనుకున్నారు?" అని నన్ను అడిగింది. చెయ్యి ఇంకా తాడు మీదే ఉంది. "మీ మగ్గం నిలిచిపోతే ఈ తాడుకు నేనే మగ్గం. మళ్ళా కరెంటు వచ్చేదాకా. చెయ్యి తిమ్మిరెక్కి అన్నం కూడా కలపలేకపోతా ఉంటి."

ఆమె అలా నిలబడి ఉండడం నేను చాలాసార్లు చూశాను. నిలబడే కునుకు తీస్తోందని అనుకున్నాను.

చంద్రావతి ఊరుకోలేదు. "తల్లి చెయ్యి తగిలితే ఏ బిడ్డయినా పండుకుంటాది. దీంట్లో ఏముండాది?"

"సరి. మామా, మగ్గాలు వెయ్యండి," అన్నది భవ్యశ్రీ.

వేశాను. నాలుగూ మొదలయ్యాయి. రొద గదంతా నిండింది. భవ్యశ్రీ నిద్రపోతున్న బిడ్డను ఉయ్యాలలోంచి అలాగే ఎత్తి, కిటికీ కింద మడతలు వేసి పరిచిన మందపాటి బొంత మీద పడుకోబెట్టింది. రొద అక్కడ ఇంకా ఎక్కువ. కిటికీ అవతలే మొదటి మగ్గం ఉంది. బిడ్డ కాసేపు కదిలింది. చేతులతో పక్కన వెతికింది. కళ్ళు తెరిచి ఏడ్చింది. భవ్యశ్రీ ఎత్తి మళ్ళీ ఉయ్యాలలో వేసింది. పడుకుంది. మళ్ళీ తీసి బొంత మీద వేసింది. లేచింది. అప్పుడు ఆమె వాళ్ళ అత్త చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, ఆ అరచేతిని ఉయ్యాల తాడు మీద పెట్టి నొక్కింది.

మగ్గాలు నేలను కొడతాయి. ఆ అదురును నేల గోడకు, గోడ దూలానికి అందిస్తాయి. అక్కడి నుంచి తాడులోకి దిగుతుంది. మందపాటి బొంతలోకి ఎక్కదు. బిడ్డ ఇన్ని నెలలూ పండుకున్నది ఆ అదురులో. మగ్గం నిలిస్తే దానికి పోయేది రొద కాదు, ఆ అదురు.

చంద్రావతి చెయ్యి వెనక్కి లాక్కుంది. తాడు కాలినట్టు. నాకు సైగ చేసింది. ఆపాను.

"ఎవరు నేర్పించినారు నీకు ఇవన్నీ? ఆ నర్సమ్మనా?"

"ఎవురూ నేర్పించలా. నిద్ర లేక నేర్చుకున్నాను."

"నోరు పెరిగింది నీకు."

"పెరగలేదు అత్తా. ఒక్క దినం అడగతా ఉండాను. స్వామి దగ్గరికి పోవద్దు అనలేదు. చూపించినాక కుట్టిద్దాం. స్వామి యాడికీ పోడు. ఆ మిషన్ పెట్టే డాక్టరమ్మ పోతాది. మళ్ళా ఎప్పుడొస్తాదో. ముందుగా కనిపెడితే ఏమన్నా దారి ఉండాదంట. ఏండ్లు పోతే కష్టమంట."

చంద్రావతి గోడకు చేరగిలబడి కింద కూర్చుంది. చేతిలో టెంకాయ ఇంకా అలాగే ఉంది.  గొంతులో కోపం తగ్గింది.

"మా తమ్మునికి ఒక పేరుండె. ధర్మలింగం. నీకు తెలుసునా? తెలియదు. మీ మామకన్నా తెలుసునో లేదో. ఊరంతా మూగోడా, మూగోడా అని పిలిచిరి. మా అమ్మ కూడా కడకు అట్లనే పిలిచె. వానికి పిల్లనిచ్చినోళ్ళు లేరు. పని ఇచ్చినోళ్ళు లేరు. పోయిన దినం కూడా మూగోడు పోయినాడంట అనే చెప్పుకున్నారు. నీ మిషన్ ఒక మాట చెప్పిందంటే ఈ వీధి దాన్ని మోక్షిత అని పిలుస్తాదా? చెప్పు. ఎవరికీ తెలియకుండా స్వామి కాళ్ళ మీద పడేస్తే, ఇయ్యాల కాకపోతే ఒక ఏడు పోయినాక మాట వస్తాది. శానామందికి లేటుగా వస్తాది."

"పేరు పెట్టి పిలిస్తే దానికి వినపడాల కదా అత్తా," అన్నది భవ్యశ్రీ. అంతవరకూ ఏడవని మనిషి, అప్పుడు ఏడ్చింది. "పాలిచ్చేటప్పుడంతా దాని చెవిలోనే దాని పేరు చెప్తా ఉండాను. మోక్షితా, మోక్షితా అని. ఒక్కసారన్నా పాలు విడిచి నా మొగం చూస్తాదా అని. నా గొంతు ఎట్లుంటాదో దానికి తెలియదు. నవ్వతాది. నా మొగం చూసి నవ్వతాది. వెనక నుంచి పోతే నేను ఎవరో ఏమో."

బిడ్డ అప్పుడే లేచి, చీర అంచు పట్టుకుని తల బయటపెట్టి మా అందరినీ ఒక్కొక్కరిగా చూసింది. అమ్మను చూసి నవ్వింది. పిడికిలి మూసి తెరిచింది.

చంద్రావతి నా వైపు తిరిగింది. "ఏమయ్యా, నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా? చెప్పు ఈమెకు! రేపు కొండకు వస్తాదా రాదా?"

"మామా, మీరు చెప్పండి," అన్నది భవ్యశ్రీ.

ఇద్దరూ నన్నే చూస్తున్నారు. నేను ఏమి చెప్పాలి? ఒకరి మాటలో చచ్చినవాడున్నాడు. ఒకరి మాటలో బ్రతకాల్సిన బిడ్డ ఉంది.  పోయి స్విచ్ వేశాను. మగ్గాలు మొదలయ్యాయి. ఇక ఎవరు ఏమన్నా ఎవరికీ వినపడదు.

భవ్యశ్రీ నన్ను చూసిన చూపు ఇప్పుడు రాయలేను.

ఆ సాయంత్రం మామూలుగానే గడిచింది. బిడ్డ ఉన్న ఇంట్లో పోట్లాట ఎంతసేపు నిలుస్తుంది? నీళ్ళు పోసే వేళయింది. అత్త కాళ్ళు చాపుకుని బిడ్డను పడుకోబెట్టుకుంది. కోడలు వేన్నీళ్ళలో చన్నీళ్ళు తొలిపి పోసింది.  చంద్రావతి చెయ్యి చాపితే భవ్యశ్రీ సున్నిపిండి అందించింది. సాంబ్రాణి పొగ వేసి, చెంపకు చుక్క పెట్టి కింద దించారు. బిడ్డ పాక్కుంటూ కండెల బుట్ట దగ్గరికి పోయింది. నీలం కండె ఒకటి తీసి నోట్లో పెట్టుకుంది. భవ్యశ్రీ గుంజి తీసింది. తీసి కండెను వెలుగులో పెట్టి చూసింది. దారం మీద చిన్న గాటు పడి ఉంది.

"అయ్యో, పైపల్లు అత్తా! పైపల్లు వచ్చింది!" అని అరిచింది. మగ్గాల రొదను మించి వినపడింది ఆ గొంతు. చంద్రావతి పరుగెత్తి వచ్చింది. ఇద్దరూ బిడ్డ పెదవి ఎత్తి చూశారు. ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వులో రాత్రి పాలిచ్చేటప్పుడు కొరుకుతుందన్న భయం కూడా లేదు. అంతలోనే చంద్రావతికి కొండ గుర్తొచ్చినట్టుంది, మొహం ముడుచుకుని లోపలికి పోయింది.

మరుసటి రోజు తెల్లారి నేను మగ్గాలు వెయ్యలేదు. మణికంఠ షిఫ్టు నుంచి ఇంకా రాలేదు. వీధిలో అందరి మగ్గాలూ ఇంకా మొదలు కాలేదు. స్నానం చేసి, చొక్కా వేసుకుని, తిన్నె ముందు నిలబడ్డాను. తిరుత్తణి బస్సు వచ్చే వేళయింది. కొళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలతో నిలబడి ఉన్నారు. లోకనాథం వేపపుల్ల నములుతూ వాళ్ళ వాకిట్లో ఉన్నాడు. చంద్రావతి పసుపు చీర కట్టుకుని, పసుపు గౌను వేసిన బిడ్డను చంకనెత్తుకుని గడప మీదికి వచ్చింది. భవ్యశ్రీ పూజ బుట్ట పట్టుకుని ముందే వీధిలోకి దిగింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఎవరి వైపూ చూడలేదు. ఓడిపోయిన మనిషి నడక.

"ఏమన్నా, కొండకేనా?" అన్నాడు లోకనాథం. "చెవి కుట్టే దానికా?"

"ఔ తంబీ," అన్నది చంద్రావతి నవ్వుతూ.

"కొండకు కాదు," అన్నాను నేను. "తిరువళ్ళూరుకు. బిడ్డకు చెవులు వినపడతా లేవేమోనని అనుమానం. ఆస్పత్రిలో చూపించాల."

మగ్గాల మధ్య బ్రతికినవాడిని. నాకు మెల్లగా మాట్లాడడం చేతకాదు. కొళాయి దాకా వినపడింది. నిండిన బిందె పొర్లిపోతున్నా ఎవరూ తియ్యలేదు. లోకనాథం నోట్లో పుల్ల అలాగే నిలిచిపోయింది. భవ్యశ్రీ నిలబడ్డ చోటే తిరిగి నన్ను చూసింది.

చంద్రావతి ఒక్కొక్కరినీ చూసింది. బిడ్డ తలను తన భుజానికి అదుముకుంది. వెనక్కి అడుగు వేసి, ఇంకొక అడుగు వేసి, లోపలికి పోయి తలుపు మూసేసింది. గొళ్ళెం పడింది.

"అత్తా!" భవ్యశ్రీ బుట్ట కింద పడేసి పరుగెత్తింది. టెంకాయ దొర్లి కాలువలో పడింది. "అత్తా, తలుపు తియ్యి! బిడ్డ పాలు తాగలేదు ఇంకా! అత్తా!"

 తలుపు మీద గుద్దుతున్న భవ్యశ్రీ చెయ్యి ఆగిపోయింది. చెవి తలుపుకు ఆనించింది. నేనూ దగ్గరికి పోయాను. ఒక్క మగ్గం కూడా ఆడని ఆ ఇంట్లోంచి చంద్రావతి గొంతు వస్తోంది.

"మోక్షితా."

చప్పట్లు కొట్టిన చప్పుడు.

"మోక్షితా! ఇక్కడ చూడు. అవ్వను చూడు. ఏ, మోక్షితా!"

గొంతు పెరుగుతోంది. లోపల చెంబు కింద పడిన చప్పుడయింది. పడలేదు, పడేసింది. మళ్ళీ పేరు. మళ్ళీ చెంబు.

మలుపులో హారన్ మోగింది. తిరుత్తణి బస్సు వచ్చేసింది. ఇది పోతే ఇంకొకటి మధ్యాహ్నానికి గానీ రాదు, అప్పటికి డాక్టరమ్మ వెళ్ళిపోతుంది. నేను పోయి రోడ్డు నడుమ నిలబడ్డాను. బస్సు నా మీదికి వచ్చి, కీచుమని అరిచి, జానెడు దూరంలో నిలిచింది. డ్రైవరు తల బయటపెట్టి అరవంలో తిట్టాడు. జనం తొంగి చూశారు. నేను కదల్లేదు.

"ఏం పెద్దాయనా, చచ్చే దానికి మా బండే దొరికిందా? ఎక్కేది ఉంటే ఎక్కు!" అన్నాడు కండక్టరు.

"నలుగురం ఎక్కాల," అన్నాను.

"యాడ ఉండారు నలుగురు?"

నేను తలుపు వైపు చూశాను. లోపల పిలుపు ఆగిపోయింది. తలుపు ఇంకా తెరుచుకోలేదు.